గంగామణి నవ్వలేదు

మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి మనిషిని నేనే. మా అమ్మ బీడీలు చుట్టి చదివించింది. ఆమెకు అక్షరం రాదు కాబట్టి అచ్చు కాగితమంటే భయం. నాకు వచ్చు కాబట్టి అచ్చు కాగితమంటే భక్తి. పైవాళ్లు ఒక మాట రాసి, కింద సంతకం పెట్టి, పక్కన ముద్ర వేశారంటే అందులో ఏదో అర్థం ఉండే ఉంటుందని ఉద్యోగంలో చేరిన రోజు గట్టిగా నమ్మాను.

నేను చేరింది ఆడపిల్లల గురుకుల పాఠశాలలో, కౌన్సెలర్‌గా. నాలుగు వందల ఎనభై మంది పిల్లలు అక్కడే ఉండి చదువుకుంటారు. నాకు ఆటసామాన్ల గది ఇచ్చారు. అందులో రెండు కుర్చీలు, ఒక బల్ల, గాలి పోయిన వాలీబాల్ ఒకటి. తలుపు మీద 'మనోవికాస కేంద్రం' అని బోర్డు పెట్టారు. వాలీబాల్ తీసేస్తామంటే నేనే వద్దన్నాను. మాట్లాడలేని పిల్లలు దాన్ని ఒళ్లో పెట్టుకుని నొక్కుతూ కూర్చునేవాళ్లు. కాసేపటికి మాట అదే వచ్చేది.

మొదటి నెల నన్నెవరూ పట్టించుకోలేదు కాబట్టి పని బాగా జరిగింది. తలుపు తెరిచి కూర్చునేదాన్ని. ఒక పిల్ల వచ్చి తన తలలో పేలున్నాయని పక్కమంచం పిల్ల ఊరంతా చెప్పిందనేది. ఇంకొక పిల్ల వచ్చి ఏమీ చెప్పకుండా అరగంట కూర్చుని, "పోతున్న మేడం" అని వెళ్లిపోయేది. వినడం తప్ప నేను చేసిందేమీ లేదు. వచ్చినవాళ్లు మళ్లీ వచ్చేవాళ్లు, కొత్తవాళ్లను వెంటబెట్టుకుని.

అప్పుడు సర్క్యులర్ వచ్చింది.

"ఇందుమూలముగా సమస్త ప్రిన్సిపాళ్లకు తెలియజేయునది ఏమనగా, విద్యార్థినుల మానసిక వికాసమును శాస్త్రీయముగా కొలుచు నిమిత్తము 'మందహాసం' అను యాప్ ప్రవేశపెట్టబడినది. కొలవబడని సంతోషము ఇకపై సంతోషముగా పరిగణింపబడదు."

శిక్షణకు మమ్మల్ని జిల్లా కేంద్రానికి పిలిచారు. జిల్లా సమన్వయ అధికారి దామోదర్ సార్ పెద్ద తెర మీద యాప్ చూపించారు. రోజుకు నలభై మంది. ఒక్కొక్కరికి తొమ్మిది నిమిషాలు. పిల్ల గదిలోకి రాగానే ఒక ఫొటో తీయాలి. తరవాత ఇరవై రెండు ప్రశ్నలు. చివర ఇంకో ఫొటో. యాప్ రెండు ఫొటోల్లోనూ పెదాలను కొలిచి, ఎంత సంతోషం పెరిగిందో వందకు మార్కులు వేస్తుంది.

నేను చెయ్యెత్తాను. "సార్, పిల్లకు ఏదైనా బాధ ఉంటే?"

"దానికి తొమ్మిది నిమిషాలిచ్చాం గదమ్మా."

"తొమ్మిది నిమిషాల తరవాత కూడా నవ్వకపోతే సార్?"

దామోదర్ సార్ ఓపికగా నవ్వారు. "నవ్వకపోయే సౌకర్యం యాప్‌లో కల్పించలేదమ్మా."

నేను ఆ మాట కూడా పుస్తకంలో రాసుకున్నాను.

నెల తిరక్కముందే మా పాఠశాల జిల్లాలో చిట్టచివరి స్థానంలో నిలిచింది. ప్రిన్సిపాల్ హైమవతి మేడం నన్ను పిలిపించారు. బల్ల మీద కాగితం. అందులో మా బడి పేరు ఎదురుగా ఎర్ర అక్షరాలు: 'సేవా ప్రభావం: శూన్యం.'

"ఏం సుజలా, ఏం చేస్తున్నావమ్మా ఆ గదిలో?"

"మేడం, పిల్లలు నా గదికి నవ్వుతూ వస్తున్నారు. మొదటి ఫొటోలో నవ్వు, చివరి ఫొటోలోనూ నవ్వు. పెరిగింది సున్నా అంటోంది యాప్."

మేడం తల పట్టుకున్నారు. "నవ్వుకుంట ఎందుకు రానిస్తున్నవ్?"

నవ్వుతూ వచ్చే పిల్లను గుమ్మంలోనే ఆపడం నేను చదివిన శాస్త్రంలో ఎక్కడా లేదు.

మర్నాడు స్టాఫ్ మీటింగ్. లెక్కల టీచర్ ఝాన్సీ మేడం లేచి సమస్యను రెండు నిమిషాల్లో విప్పేశారు. "తీసివేత మేడం ఇది. చివరిది పెంచలేనప్పుడు మొదటిది తగ్గించాలె. పిల్లలు సుజల మేడం రూంకు పోయే ముందు కొంచెం ఏడ్చి పోతే సరిపాయె."

ఎవరూ నవ్వలేదు. మినిట్స్ పుస్తకంలో ఇలా రాశారు: 'విద్యార్థినుల ప్రారంభ భావస్థితిని తగు స్థాయికి తీసుకువచ్చుటకు సిబ్బంది సమష్టిగా కృషి చేయవలెనని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.'

కృషి మొదలైంది. ఏ పనికీ ఒక్కతాటి మీదకి రాని మా సిబ్బంది ఈ పనికి వచ్చారు. ఝాన్సీ మేడం పొద్దున్నే చెప్పకుండా పరీక్ష పెట్టేవారు. పీఈటీ మేడం ఆటల పీరియడ్‌లో గ్రౌండ్‌కు తాళం వేశారు. తెలుగు మాస్టారు మెత్తని మనిషి, తిట్టడం చేతకాదు. అందుకని ఆయన రోజూ శ్మశానం మీద పద్యాలు చదివి వివరించేవారు. గుడ్డు ఇచ్చే రోజుల్లో ఆ రోజు నా దగ్గరికి రావలసిన నలభై మందికీ గుడ్డు ఆపేసేవాళ్లు. వాళ్లు మొహాలు వేలాడేసుకుని నా గుమ్మం ముందు వరసలో నిలబడేవాళ్లు. నేను మొదటి ఫొటో తీసి, ఇరవై రెండు ప్రశ్నలడిగి, బల్ల సొరుగులోంచి గుడ్డు తీసి ఇచ్చి, రెండో ఫొటో తీసేదాన్ని.

అవును, నేనే తీసేదాన్ని. సర్క్యులర్‌లో ఉంది మరి.

వారం తిరిగేసరికి పిల్లలకు కూడా పద్ధతి తెలిసిపోయింది. ఆరో తరగతి పిల్ల ఒకతి గుమ్మంలో నిలబడి గుసగుసగా అడిగింది. "మేడం, ఇప్పుడు ఏడ్వాల్నా, నవ్వాల్నా?"

"ముందు ఏడువు బిడ్డా. నవ్వమన్నప్పుడు నేనే చెప్తా."

"జల్ది చెప్పుండ్రి మేడం. గుడ్డు సల్లగైతది."

నెలాఖరుకు మా బడి జిల్లాలో మూడో స్థానానికి ఎగబాకింది. హైమవతి మేడం స్టాఫ్‌రూంలో అందరికీ మైసూర్‌పాక్ పంచారు.

అంతటితో ఆగేది. కానీ యాప్ పోగుచేసిన లెక్కలను పైన ఎవరో కూర్చుని చదివారు. రాష్ట్రంలోని గురుకులాల్లో పిల్లలు ఎక్కువగా ఏడ్చేది ఆదివారాలు ఇంటికి ఫోన్ చేసిన తరవాతనే అని తేలింది. రెండో సర్క్యులర్ వచ్చింది. 'గృహ సంభాషణలు విద్యార్థినుల ఆనంద సూచికపై ప్రతికూల ప్రభావము చూపుచున్నవి. కావున సదరు సంభాషణలను తదుపరి ఉత్తర్వుల వరకు నిలుపుదల చేయడమైనది. సిబ్బంది తమ సొంత ఫోన్లను ఇందుకు వినియోగించుట విధుల పట్ల ధిక్కారముగా భావింపబడును.'

మా వరండాలో గోడకు బిగించిన ఫోన్ ఒకటుంది. పిల్లలు ఆదివారాలు కార్డు పట్టుకుని దాని ముందు బారులు తీరేవాళ్లు. దానికి దిండుగలీబు తొడిగి, తాడు కట్టి, 'ఆనంద మండలం' అని అట్ట తగిలించారు. బయటి నుంచి వచ్చే ఫోన్లు కూడా మోగకుండా వైరు పీకేశారు.

యాప్‌లో గంగామణి పేరు పక్కన, నవ్వు పెరగలేదన్న ఎర్రచుక్క పడింది ఆ తరవాతే.

గంగామణి ఎనిమిదో తరగతి. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ముందుపన్ను ఒకటి సగం విరిగింది. అందుకని మాట్లాడినా, నవ్వినా అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటుంది. మొదటి నెలలో నా గదికి వచ్చి వాలీబాల్ నొక్కుతూ బోలెడు కబుర్లు చెప్పిన పిల్లే. ఇప్పుడు చెయ్యి అడ్డం పెట్టే పనే లేకుండా పోయింది. మొదటి ఫొటో ఎలా ఉందో చివరి ఫొటో అలాగే ఉంది. గుడ్డు ఇస్తే బల్ల మీదే వదిలేసి వెళ్లింది.

"ఏమైంది గంగామణీ?"

"ఏం లేదు మేడం."

అప్పటికి ఎనిమిది నిమిషాలయ్యాయి. ఇరవై రెండో ప్రశ్న మిగిలింది: 'ఈ వారం మీరు ఎన్నిసార్లు కృతజ్ఞతాభావమునకు లోనైతిరి?' అడిగాను. ఆ పిల్ల నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. జవాబు లేకుండా యాప్ కదలదు కాబట్టి 'రెండుసార్లు' అని నొక్కాను.

రెండో విడత కూడా అంతే. ఈలోగా మా బడిలో అందరి చుక్కలూ పచ్చగా మారాయి. గంగామణిది ఒక్కటే ఎర్రగా మిగిలింది. ఆ ఒక్కటీ పచ్చబడితే మాది రాష్ట్రంలోనే మొదటి 'సంపూర్ణ ఆనంద పాఠశాల'. దామోదర్ సార్ స్వయంగా హైమవతి మేడంకు ఫోన్ చేశారు. మేడం స్పీకర్ పెట్టి నన్నూ వినమన్నారు.

"ఆ ఒక్క యూనిట్ సంగతేంటి మేడం?"

"ప్రయత్నం చేస్తున్నం సార్. పిల్ల మొండిది."

"పధ్నాలుగో తారీఖు కమిషనరేట్ నుంచి టీం వస్తోంది. అప్పటికి నవ్వితే సరే. లేకపోతే టీసీ ఇచ్చి పంపండి. రోల్‌లో లేని పిల్ల సూచికలో ఉండదు. పిల్ల సంక్షేమం దృష్ట్యానే చెబుతున్నా. ఇంత ఆనందకరమైన వాతావరణంలో ఇమడలేకపోతోందంటే ఆ పిల్లకు ఎంత ఇబ్బందో ఆలోచించండి."

ఫోన్ పెట్టేశాక మేడం నా వైపు చూడలేదు. "వారం టైముంది సుజలా. ఎట్లనన్న జెయ్. ఇంటికి పంపితే ఆ పిల్ల గతి ఏందో నీకు నేను చెప్పేదేముంది."

చెప్పనక్కరలేదు. బడి మానేసిన ఆడపిల్ల ముందు మా వాడలో బీడీ చాట ఎట్లా పెడతారో నాకు తెలుసు. ఎనిమిదో తరగతిలో నా ముందూ పెట్టారు. తొమ్మిది రోజులు చుట్టాను. పదో రోజు మా అమ్మ చాట లాగేసి బడికి తోలింది. గంగామణి అమ్మ కూడా బీడీలే చుడుతుంది. కానీ టీసీ చేతిలో పెట్టి పంపితే ఏ అమ్మ మాత్రం ఎక్కడికి తోలుతుంది?

గంగామణి గోడు వినడానికి నాకు తొమ్మిది నిమిషాలు చాలవు. గంట కావాలి. రోజుకు నలభై మంది చొప్పున తొమ్మిదేసి నిమిషాలంటే ఆరు గంటలు. గంట ఎక్కడి నుంచి తేవాలి?

ఆ గంట నాకు నాగవ్వ ఇచ్చింది. నాగవ్వ మా వంటామె. సాయంత్రం వంటగదిలో కూర్చుని ఆమె ఇచ్చిన టీ తాగుతూ మిగిలిపోయిన వివరాలు నింపుతున్నాను. ఫోన్ గట్టు మీద జారి పడింది. యాప్ టింగుమంది.

'అభినందనలు! ఆనంద స్థాయి: 100.'

ఎవరు నవ్వారా అని చుట్టూ చూశాను. నాగవ్వ కళ్లల్లో పొగ, నవ్వే పరిస్థితి కాదు. ఫోన్ కెమెరా ఎదురుగా గట్టు మీద నాగవ్వ పళ్లపేస్టు అట్టపెట్టె ఉంది. దాని మీద ఒకామె ముప్పై రెండు పళ్లూ బయటపెట్టి నవ్వుతోంది.

నాగవ్వ వంగి చూసింది. "ఓయమ్మ, గీ డబ్బకు గూడ మార్కులేస్తదా మేడం?"

"తప్పు నాగవ్వా, అట్లా చేయకూడదు."

"నేనేం జెయ్యలే, డబ్బనే నవ్వింది. పోరగాండ్లను ఏడిపిచ్చి నవ్విపిచ్చుడు తప్పు గాదు గానీ, గిది తప్పాయెనా?"

ఆ రాత్రంతా నా భక్తి, నేను తగువు పడ్డాం. తెల్లారేసరికి అది ఓడిపోయింది.

మర్నాడు పేస్టు డబ్బా నా బల్ల సొరుగులో ఉంది. ముప్పై తొమ్మిది మంది పిల్లలకూ వచ్చినవాళ్లకు వచ్చినట్టు మొదటి ఫొటో తీసి, గుడ్డు ఇచ్చి, బయట ఆడుకోమన్నాను. ఇరవై రెండు జవాబులూ నేనే నొక్కాను, రెండో ఫొటోలన్నీ డబ్బా తీయించుకుంది. పదకొండింటికల్లా పని అయిపోయింది. గంగామణిని పిలిచి, తలుపేసి, ఫోన్ బోర్లా పెట్టి, వాలీబాల్ ఆమె ఒళ్లో పెట్టాను.

వాలీబాల్ ఒకసారి ఇటు లొట్టపోయింది, ఒకసారి అటు.

"మా అమ్మకు ఆపరేషనన్నరు మేడం," అంది చివరికి. "గర్బసంచి తీసేస్తరట. ఆదివారం పోన్ జేస్తే, వచ్చే వారం దవకానకు పోతున్న, అయినంక పోన్ల మాట్లాడుకుందమన్నది. తెల్లారే పోన్‌కు గలీబు దొడిగిండ్రు."

"అప్పటి నుంచీ..."

"ఉన్నదో లేదో ఎర్కలేదు మేడం."

ఐదు వారాలు. ఐదు వారాలుగా ఆ పిల్ల తల్లి బతికుందో లేదో తెలియకుండా అన్నం ముందు కూర్చుని లేస్తోంది. ఆ ఐదు వారాల్లో మేమంతా కలిసి ఆమెను ఎన్నిసార్లు కృతజ్ఞతకు లోనయ్యావని అడిగాం.

నా ఫోన్ తీశాను. 'విధుల పట్ల ధిక్కారముగా భావింపబడును' అన్న వాక్యం ముద్రతో సహా కళ్ల ముందు కనిపించింది. రిజిస్టర్‌లో ఉన్న వాళ్లమ్మ నంబరు నొక్కి గంగామణికి ఇచ్చాను.

"ఎవలు?" అంది అవతలి గొంతు.

గంగామణి ఫోన్‌ను రెండు చేతులతో చెవికి అదుముకుంది.

"ఎవలు మాట్లాడేది? ...ఓ గంగీ! నువ్వేనా? తిన్నవా బిడ్డా? ఇంటికొచ్చి మూడు వారాలాయె. ఎన్నిసార్లు జేసినా ఆ పోన్ మోగుతలేదు. నా మీద అలిగినవేమో అనుకున్న. మంచిగనే ఉన్న నేను. బరువు ఎత్తద్దన్నరు గంతే. ఏడుస్తున్నవా? ఎందుకే పిస్సదానా?"

గంగామణి ఏడ్చింది. మా బడిలో కొన్ని నెలలుగా వందల ఏడుపులు చూశాను. ఇది వాటిల్లో చేరదు. ముక్కు కారింది, వెక్కిళ్లు వచ్చాయి, వాలీబాల్ తడిసింది. గోడ అవతల స్టాఫ్‌రూం. అక్కడి నుంచి ఝాన్సీ మేడం వచ్చి కిటికీలోంచి చూసి, ఫోన్ చూసి, వెళ్లిపోయారు.

ఆ మధ్యాహ్నం నాగవ్వ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. "మేడం, గంగామణి రెండోపాలి అన్నం బెట్టిచ్చుకున్నది!"

యాప్‌లో ఎక్కించడానికి చూశాను. రెండోసారి అన్నానికి గడి లేదు. నవ్వుకే ఉంది. ఏడ్చి వాచిన ఆ మొహాన్ని ఫొటో తీస్తే మళ్లీ ఎర్రచుక్కే, ఎర్రచుక్కంటే టీసీయే. గంగామణి పేరు మీద పాత ఏడుపుమొహం ఫొటో పక్కన డబ్బా నవ్వు పెట్టాను. చుక్క పచ్చబడింది. హైమవతి మేడం నా చెయ్యి పట్టుకుని ఊపేశారు.

పధ్నాలుగో తారీఖు టీం వచ్చింది. ముందుగా ఒక లారీ వచ్చి గేటు మీద పెద్ద ఫ్లెక్సీ కట్టింది. ఏడుపు నుంచి నవ్వు దాకా ఇంత దూరం ప్రయాణించిన పిల్ల రాష్ట్రంలో మరొకతి లేదట. పిల్లల గోప్యత దృష్ట్యా కళ్లూ ముక్కూ తీసేసి, కేవలం నోరు మాత్రం వేశారు. గేటు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా ముప్పై రెండు పళ్లు, ఒక్కొక్కటీ తలుపు రెక్కంత. కింద రాశారు: 'మందహాస రత్న: కుమారి గంగామణి, 8వ తరగతి.'

పిల్లలందరినీ గేటు ముందు వరసల్లో నిలబెట్టారు. గంగామణికి కొత్త రిబ్బన్లు కట్టి ముందు నిలబెట్టారు. ఆ పిల్ల తలెత్తి ఫ్లెక్సీ వైపు చూసింది. కాసేపు అర్థం కాలేదు. పేరు చదివింది. పళ్లు చూసింది. తన విరిగిన పన్నును నాలుకతో తడుముకుంది.

"మేడం, గివి నా పళ్లా?"

వెనకాల నీళ్లగ్లాసుల పళ్లెంతో నిలబడ్డ నాగవ్వ పైకి వినబడకుండా అంది. "నీయి గావు బిడ్డా. నా పేస్టు డబ్బయి."

గంగామణి నవ్వింది. మొదట భుజాలు కదిలాయి. చెయ్యి నోటికి అడ్డం వెళ్లింది. ఆగలేదు. నడుం వంచి, మోకాళ్ల మీద చేతులానించి, మళ్లీ తలెత్తి ఆ పళ్లు చూసి, మళ్లీ వంగి, కళ్లల్లో నీళ్లు కారేలా నవ్వింది. ఆ నవ్వు అంటుకుని వెనక వరసలూ నవ్వాయి. ఎందుకో తెలియకుండానే నాలుగు వందల ఎనభై మందీ నవ్వారు. ఆ నవ్వుకు ముందు ఎవరినీ ఏడిపించలేదు.

"నిశ్శబ్దం!" అని అరిచారు దామోదర్ సార్. "క్రమశిక్షణ! ఇప్పుడు టీం ముందు ప్రత్యక్ష కొలత ఉంది. గంగామణీ, ఇటు చూడు."

ఫోన్ ఆమె మొహం ముందు పెట్టారు. పిల్ల నవ్వు ఆపుకోలేక రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది. యాప్ కాసేపు గిరగిరా తిరిగి తేల్చింది.

'నవ్వు కనుగొనబడలేదు. ఆనంద స్థాయి: 0.'

టీం సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దామోదర్ సార్ నా వైపు తిరిగారు. "ఏం శిక్షణ ఇస్తున్నారమ్మా మీరు? నలుగురి ముందు నవ్వడం కూడా నేర్పలేదే ఈ పిల్లకు!"

అయినా అవార్డు ఇచ్చే వెళ్లారు. ఫ్లెక్సీ ముందే అచ్చయిపోయింది కదా. 'సంపూర్ణ ఆనంద పాఠశాల' రోల్‌లోంచి పిల్లను తీసేస్తే సంపూర్ణత పోతుందని గంగామణి టీసీ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఫోన్ గలీబు మాత్రం అలాగే ఉంది.

నాకు మెమో వచ్చింది. ఫొటోల గురించి కాదు. వాటిని పక్క జిల్లాలకు నమూనాగా పంపారు. మెమో ఇలా ఉంది: 'తమరు నిషిద్ధ ఫోన్ సంభాషణ ద్వారా ఒక విద్యార్థినిని విలపింపజేసినట్లు సహోద్యోగి ఫిర్యాదు అందినది. సదరు విలాపమునకు ముందుగాని తరువాతగాని ఫొటో తీయబడలేదు. మూడు దినములలో సంజాయిషీ సమర్పించవలెను.'

జీవితంలో మొదటిసారి ఒక అచ్చు కాగితాన్ని భక్తి లేకుండా చదివాను. వెనక తిప్పి సంజాయిషీ రాశాను.

'నిజమే. ఏడిపించాను. ఆ రోజు ఆ పిల్ల రెండోసారి అన్నం పెట్టించుకుంది. సాక్షి, వంటామె నాగవ్వ. మిగతా నాలుగు వందల డెబ్బై తొమ్మిది మంది ఇళ్ల నంబర్లు కూడా నా దగ్గర ఉన్నాయి. ఈ ఆదివారం నుంచి మొదలుపెడుతున్నాను.'

కింద సంతకం పెట్టాను. ముద్ర నా దగ్గర లేదు.